1993 తర్వాత కెనడా జట్టు ఏదీ స్టాన్లీ కప్ ఎందుకు గెలవలేదు?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌కు వచ్చి రెండేళ్లయింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆఫీసులో ఐస్ హాకీ తప్ప మరో కబురు వినబడదు. ఈ ఆట తమదేనని చెప్పుకునే దేశంలోని జట్లు 1993 తర్వాత ఒక్కసారి కూడా స్టాన్లీ కప్ (అమెరికా, కెనడా జట్లు కలిసి ఆడే ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ ట్రోఫీ) గెలవలేదని తెలిసి ఆశ్చర్యపోయారు. ఒక సహోద్యోగి దీనికి కారణం పన్నులంటే, మరొకరు లీగ్ అమెరికా జట్లకు కొమ్ముకాస్తోందన్నారు. వీటిలో ఏది నిజమన్నది మీ మొదటి ప్రశ్న, కొత్తగా చూడబోయేవారు ఏ జట్టును పట్టుకోవాలన్నది రెండవది.

నేను 1990ల చివర్లో ఎడ్మంటన్‌లో స్థిరపడ్డాను. మా అబ్బాయి ఆడిన పిల్లల జట్టుకు కొన్నేళ్లు మేనేజర్‌గా పనిచేశాను, మిత్రులతో కలిసి మా ఊరి జట్టు ఆయిలర్స్ సీజన్ టికెట్లు పంచుకుంటాను, ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్ కోసం జరిగే నాకౌట్ దశ) వచ్చినప్పుడు ఇక్కడి తెలుగు కుటుంబాల మధ్య జరిగే పందేల లెక్కలు చూసేది కూడా నేనే. కాబట్టి ఈ సమాధానంలో ఆయిలర్స్ మీద మమకారం అక్కడక్కడ తొంగిచూస్తుంది. దాన్ని తీసివేసి చదువుకోగలరు.

సూటిగా చెప్పాలంటే: కుట్ర ఏదీ లేదు. పన్నులు ఒక కారణమే గాని చిన్న కారణం. 2004 వరకు కెనడా జట్లను దెబ్బతీసింది కెనడియన్ డాలర్ పతనం. 2005లో శాలరీ క్యాప్ (జట్టు జీతాల ఖర్చుకు పరిమితి) వచ్చాక ఆ సాకు చెల్లదు; ఆ తర్వాతి కరువుకు ప్రధాన బాధ్యత జట్ల యాజమాన్యాలదే. ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోవడంలో మాత్రం దురదృష్టం పాత్ర నిజంగానే పెద్దది.

ముందు లెక్క తేల్చుకుందాం. 1994 నుంచి 2025 వరకు 31 సార్లు కప్ ఇచ్చారు. 2004-05 సీజన్ మొత్తం రద్దు కావడం వల్ల 2005లో ఎవరికీ ఇవ్వలేదు. ఆ కాలంలో లీగ్‌లోని జట్ల సంఖ్య 26 నుంచి 32కు పెరిగింది, కెనడా జట్లు ఆరుకూ ఎనిమిదికీ మధ్య ఉంటూ వచ్చాయి. అన్ని జట్లకూ సమానావకాశం ఉందనుకుని ఏటా చీటీ తీసినట్లు లెక్క వేస్తే, ఈ 31 సార్లలో కెనడాకు దాదాపు ఏడు కప్పులు దక్కాలి. ఒక్కటీ దక్కకపోవడానికి ఉన్న అవకాశం సుమారు 2,700లో ఒకటి. అంటే దీన్ని కేవలం యాదృచ్ఛికమని కొట్టిపారేయడం కుదరదు.

అయితే ఇదే లెక్కను రెండుగా విడదీస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఇన్నేళ్లలో కెనడా జట్లు ఎనిమిది ఫైనల్స్ ఆడాయి: 1994లో వాంకూవర్, 2004లో కాల్గరీ, 2006లో ఎడ్మంటన్, 2007లో ఆటవా, 2011లో మళ్లీ వాంకూవర్, 2021లో మాంట్రియల్, 2024, 2025లలో ఎడ్మంటన్. జట్ల సంఖ్యను బట్టి చూస్తే దాదాపు పద్నాలుగు సార్లు రావలసింది. 1995 నుంచి 2003 వరకు ఫైనల్లో కెనడా జట్టే లేదు, 2012 నుంచి 2020 వరకు కూడా లేదు. ఈ రెండు దీర్ఘ విరామాలకు కారణాలు వేర్వేరు. ఎనిమిది ఫైనల్స్‌లో ఎనిమిదీ ఓడిపోవడం ఇంకో సంగతి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ఒకే కారణం వెదకడం వల్లనే టీవీ చర్చలు ఎప్పటికీ తెగవు.

1993కు ముందు పరిస్థితి ఎంత భిన్నంగా ఉండేదో తెలిస్తే ఇక్కడి పెద్దవాళ్ల బాధ అర్థమవుతుంది. 1984 నుంచి 1990 వరకు వరుసగా ఏడేళ్లు కప్ కెనడాలోనే ఉంది: ఎడ్మంటన్‌కు ఐదు, మాంట్రియల్‌కు ఒకటి, కాల్గరీకి ఒకటి. 1986, 1989 ఫైనల్స్‌లో రెండు వైపులా కెనడా జట్లే. ఎడ్మంటన్ 1988 ఆగస్టులో వేన్ గ్రెట్జ్‌కీని లాస్ ఏంజెలిస్‌కు వదులుకుని కూడా 1990లో గెలిచింది. ఆ గ్రెట్జ్‌కీ నాయకత్వంలోని లాస్ ఏంజెలిస్ జట్టునే మాంట్రియల్ 1993 జూన్ 9న ఓడించింది.

ఆ సిరీస్‌ను మలుపు తిప్పిన ఘట్టాన్ని ఇప్పటికీ ఇక్కడ కథగా చెప్పుకుంటారు. మొదటి మ్యాచ్ లాస్ ఏంజెలిస్ గెలిచింది. రెండవ మ్యాచ్‌లో కూడా 2-1 ఆధిక్యంలో ఉంది, ఆట ముగియడానికి రెండు నిమిషాలు కూడా లేదు. అప్పుడు మాంట్రియల్ కోచ్ జాక్ డెమెర్స్ ప్రత్యర్థి డిఫెన్స్ ఆటగాడు మార్టీ మెక్‌సోర్లీ కర్రను కొలవమని రిఫరీని కోరాడు. కర్ర చివరి వంపు నిబంధన అనుమతించిన దానికంటే ఎక్కువని తేలింది. మెక్‌సోర్లీ పెనాల్టీగా రెండు నిమిషాలు బయట కూర్చోవలసి వచ్చింది, అతని జట్టు ఒక మనిషి తక్కువతో ఆడింది. డెమెర్స్ అంతటితో ఆగకుండా గోల్ కీపర్‌ను కూడా బయటికి పిలిచి అదనంగా ఒక దాడి ఆటగాణ్ని దించాడు. ఎరిక్ డెజార్డాన్ స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్ మొదలైన నిమిషంలోపే మరో గోల్ కొట్టి మ్యాచ్ ముగించాడు. ఆ రాత్రి మాంట్రియల్ మూడు గోల్సూ అతనివే. ఆ ఏటి ప్లేఆఫ్స్‌లో మాంట్రియల్ వరుసగా పది ఓవర్‌టైమ్ మ్యాచ్‌లు గెలిచింది. అదృష్టం అటువైపు అంతగా మొగ్గిన సంవత్సరం కెనడాకు మళ్లీ రాలేదు.

ఇక మొదటి విరామం సంగతి. ఆటగాళ్ల జీతాలు అమెరికన్ డాలర్లలో ఉంటాయి, కెనడా జట్ల ఆదాయంలో అధిక భాగం మాత్రం కెనడియన్ డాలర్లలో వస్తుంది. 1990లలో కెనడియన్ డాలర్ క్రమంగా పడిపోయి 2002 జనవరిలో సుమారు 62 అమెరికన్ సెంట్ల దగ్గర తేలింది. అప్పట్లో జీతాలకు పరిమితి లేదు. న్యూయార్క్, డెట్రాయిట్, డెన్వర్ జట్లు ఎంతకైనా కొనగలిగితే, ఎడ్మంటన్, కాల్గరీ యజమానులు తమ మంచి ఆటగాళ్లు ఖరీదైనవారు కాగానే వదులుకోవలసి వచ్చేది. క్విబెక్ నార్డిక్స్ 1995లో డెన్వర్‌కు, విన్నిపెగ్ జెట్స్ 1996లో ఫీనిక్స్‌కు తరలిపోయాయి. ఆటవా జట్టు 2003 జనవరిలో దివాలా రక్షణ కోరింది. మధ్యలో 2000 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం జట్లకు ఆర్థిక సాయం ప్రకటించింది. కోటీశ్వరులకు జనం సొమ్ము ఇవ్వడమేమిటని దేశమంతా మండిపడటంతో మూడు రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఈ దేశంలో హాకీని మతంలా చూస్తారని అంటారు గాని, పన్ను కట్టేవాడి విచక్షణ ఆ భక్తికి లొంగలేదన్నది నాకు నచ్చే విషయం.

ఆ కాలపు నష్టం ఎంత లోతైనదో చెప్పడానికి ప్యాట్రిక్ రోవా ఉదంతం చాలు. 1993లో మాంట్రియల్‌ను గెలిపించిన గోల్ కీపర్ ఇతనే. 1995 డిసెంబర్ 2న సొంత మైదానంలో డెట్రాయిట్ చేతిలో మాంట్రియల్ 11-1 తేడాతో ఓడిపోయింది. రోవా తొమ్మిది గోల్స్ ఇచ్చేదాకా కోచ్ మారియో ట్రాంబ్లే అతన్ని మార్చలేదు. ఒక మామూలు షాట్ ఆపినప్పుడు ప్రేక్షకులు వెటకారంగా చప్పట్లు కొడితే రోవా రెండు చేతులూ పైకెత్తాడు. తర్వాత బయటికి వచ్చి, కోచ్ ముందునుంచి నడిచి, బెంచి వెనుక కూర్చున్న క్లబ్ అధ్యక్షుడు రొనాల్డ్ కోరీ వైపు వంగి, మాంట్రియల్‌కు ఇదే తన చివరి మ్యాచ్ అని చెప్పేశాడు. నాలుగు రోజుల్లో అతన్ని కొలరాడోకు పంపేశారు. కొలరాడో అంటే అప్పటికి కొన్ని నెలల క్రితం క్విబెక్ నుంచి వెళ్లిన జట్టే. అది 1996లో కప్ గెలిచింది, 2001లో మళ్లీ గెలిచింది. క్విబెక్ జట్టు క్విబెక్‌లోనే ఉండి ఉంటే, మాంట్రియల్ తన గోల్ కీపర్‌ను పక్క ఊరి బద్ధశత్రువుకు అప్పగించేది కాదన్నది ఇక్కడ దాదాపు అందరూ ఒప్పుకునే మాట. డాలర్ ఒక జట్టును తరిమింది, మరో జట్టు అహంకారం దానికి గోల్ కీపర్‌ను సమకూర్చింది.

2005లో అంతా మారింది. జీతాల వివాదంలో యజమానులు ఆట ఆపేసిన లాకౌట్‌లో సీజన్ మొత్తం పోయాక లీగ్ శాలరీ క్యాప్ తెచ్చింది: ఒక జట్టు జీతాల మీద ఖర్చు పెట్టగల మొత్తం 2005-06లో 3.9 కోట్ల అమెరికన్ డాలర్లు, 2025-26 నాటికి 9.55 కోట్లు. న్యూయార్క్‌కూ ఎడ్మంటన్‌కూ ఒకే గరిష్ఠ పరిమితి. దానికి తోడు 2007లో కెనడియన్ డాలర్ అమెరికన్ డాలర్‌తో సమానమైంది. క్యాప్ ఫలితం వెంటనే కనిపించింది కూడా: అది వచ్చాక జరిగిన మొదటి రెండు ఫైనల్స్‌లో, 2006, 2007లలో, కెనడా జట్లున్నాయి. డబ్బు సమస్య తీరితే ఇక కప్ రావడమే తరువాయి అని ఆ రోజుల్లో మా ఊళ్లో అందరూ నమ్మారు.

రాలేదు. ఎందుకు రాలేదో చెప్పే ముందు దురదృష్టానికి దక్కవలసిన వాటా ఇచ్చేద్దాం. ఫైనల్ అంటే ఏడు మ్యాచ్‌ల సిరీస్, ముందుగా నాలుగు గెలిచినవారిదే కప్. ఎనిమిది ఫైనల్స్‌లో ఐదు ఏడవ మ్యాచ్ దాకా వెళ్లాయి, ఐదూ ఓడిపోయాం. 1994లో 3-2, 2004లో 2-1, 2006లో 3-1, 2011లో 4-0, 2024లో 2-1. కాల్గరీ వాళ్లు 2004 ఆరవ మ్యాచ్ గురించి నేటికీ మాట్లాడతారు. అప్పటికి సిరీస్‌లో 3-2 ముందంజలో ఉన్నారు, ఆ రాత్రి మూడవ పీరియడ్‌లో స్కోరు 2-2. కాల్గరీ ఆటగాడు మార్టిన్ జెలినా స్కేటుకు తగిలిన పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) గోల్ కీపర్ కాలిని తాకి వెనక్కి వచ్చింది. అది గీత దాటిందా లేదా అన్నది కెమెరా కోణాన్ని బట్టి మారుతుంది. గోల్ ఇవ్వలేదు. రెండవ ఓవర్‌టైమ్‌లో టాంపా బే గెలిచింది, ఏడవ మ్యాచ్ కూడా గెలిచింది.

2006ను మేము మరచిపోలేం. ప్లేఆఫ్స్‌కు ఎనిమిదవ స్థానంలో అర్హత పొందిన ఎడ్మంటన్‌ను ఫైనల్ దాకా మోసుకొచ్చింది గోల్ కీపర్ డ్వేన్ రోలసన్. కరోలైనాతో మొదటి మ్యాచ్ చివర్లో మా డిఫెన్స్ ఆటగాడే నెట్టిన ప్రత్యర్థి వచ్చి రోలసన్ మీద పడ్డాడు. మోకాలికి గాయమై అతని సీజన్ ముగిసింది. బదులుగా దిగిన టై కాంక్లిన్, అరనిమిషం మిగిలి ఉండగా గోల్ వెనుక పక్‌ను సొంత కెప్టెన్‌కు అందించబోయి తడబడ్డాడు. కరోలైనా ఆటగాడు రాడ్ బ్రిండమోర్ దాన్ని ఖాళీ గోల్‌లోకి తోశాడు. 5-4తో ఓడాం. తర్వాత 1-3 నుంచి 3-3కు వచ్చి ఏడవ మ్యాచ్‌లో ఓడిపోయాం. ఆ వేసవిలోనే మా ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు క్రిస్ ప్రాంగర్ తనను పంపించమని కోరి అనాహైమ్‌కు వెళ్లిపోయాడు. మరుసటి సంవత్సరం ఫైనల్లో అనాహైమ్ ఓడించింది ఆటవానే.

దురదృష్టం లెక్క అక్కడితో సరి. 2012 నుంచి 2020 దాకా తొమ్మిదేళ్లు ఫైనల్‌కే చేరకపోవడాన్ని దురదృష్టమని అనలేం. 2016లో ఏడు కెనడా జట్లలో ఒక్కటి కూడా ప్లేఆఫ్స్‌కు అర్హత సాధించలేదు. 1970 తర్వాత అలా జరగడం అదే తొలిసారి.

ఇక్కడ పన్నుల వాదన వస్తుంది. వాదన ఇది: ఫ్లోరిడా, టెక్సస్, టెనెసీ, నెవాడా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కనుక అక్కడి ఆటగాడు తక్కువ జీతానికి ఒప్పుకుంటాడు, జట్టుకు క్యాప్‌లో చోటు మిగులుతుంది. 2020 నుంచి 2025 వరకు ఆరు కప్పుల్లో ఐదు ఆ రాష్ట్రాలకే వెళ్లాయి: టాంపా బేకు రెండు, వేగస్‌కు ఒకటి, ఫ్లోరిడా పాంథర్స్‌కు రెండు. వింటే ఇది తిరుగులేని సాక్ష్యంలా ఉంటుంది.

కాని 2006 నుంచి 2019 వరకు చూడండి. క్యాప్ అదే, పన్ను నిబంధనలూ దాదాపు అవే. ఆ పద్నాలుగు కప్పుల్లో పన్ను లేని రాష్ట్రానికి దక్కింది సున్నా. పన్ను పోటుకు పేరుపడ్డ కాలిఫోర్నియాకు మూడు వచ్చాయి: అనాహైమ్‌కు 2007లో, లాస్ ఏంజెలిస్‌కు 2012, 2014లలో. పన్ను లేని నాష్‌విల్ ఇంతవరకు కప్ గెలవలేదు. పన్ను లేని ఫ్లోరిడా పాంథర్స్ 2001 నుంచి వరుసగా పది సీజన్లు ప్లేఆఫ్స్ ముఖమే చూడలేదు. అదీగాక ఆటగాడు ఏ రాష్ట్రంలో మ్యాచ్ ఆడితే ఆ రోజుల ఆదాయానికి చాలాచోట్ల అక్కడే పన్ను కట్టాలి, కాబట్టి మిగులు వినిపించినంత పెద్దది కాదు. మా అల్బర్టాలో అత్యధిక ఆదాయపు పన్ను రేటు 48 శాతం, కాలిఫోర్నియాలో ఫెడరల్, రాష్ట్ర పన్నులు కలిపితే 50 దాటుతుంది. అయినా లాస్ ఏంజెలిస్‌కు పోనని పన్ను కారణంగా చెప్పిన స్టార్ ఆటగాడు నాకు తారసపడలేదు. ఒంటారియో, క్విబెక్‌లలో 53 శాతం పైనే అన్నది నిజమే. అందుకే టొరంటో జట్టు జాన్ టవారెస్‌తో 2018లో చేసుకున్న 7.7 కోట్ల డాలర్ల ఒప్పందంలో అత్యధిక భాగాన్ని జీతంగా కాక సంతకపు బోనస్‌గా రాసింది. దాని మీద ఎంత పన్ను పడుతుందన్న విషయమై అతనికీ కెనడా రెవెన్యూ ఏజెన్సీకీ వివాదం కోర్టుకెక్కింది.

కాబట్టి నా తీర్పు ఇది: బాగా నడిచే జట్టుకు పన్ను మినహాయింపు అదనపు బలమిస్తుంది, చెడ్డగా నడిచే జట్టును అది బాగుచేయదు. ఫ్లోరిడా పాంథర్స్‌ను మార్చింది అక్కడి ఎండ కాదు, మంచి జనరల్ మేనేజర్.

అసలు కారణం అని నేను నమ్మేది యాజమాన్యాల సంగతి. ఎడ్మంటన్‌కు 2010, 2011, 2012లలో వరుసగా, ఆపైన 2015లో, డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రవాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే ఏర్పాటు) మొదటి ఎంపిక దక్కింది. ఆరేళ్లలో నాలుగుసార్లు ఆ ఏటి అత్యుత్తమ కుర్రవాణ్ని ఎంచుకునే హక్కు వచ్చిన జట్టు, 2007 నుంచి 2016 దాకా వరుసగా పది సీజన్లు ప్లేఆఫ్స్‌కు పోలేకపోయింది. 2010లో ఎంచుకున్న టేలర్ హాల్‌ను 2016 జూన్‌లో ఆడమ్ లార్సన్ అనే ఒక్క డిఫెన్స్ ఆటగాడి కోసం న్యూజెర్సీకి ఇచ్చేశారు. హాల్ అక్కడ 2018లో లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు అందుకున్నాడు. 2016 వేసవిలోనే మిలన్ లూచిచ్‌కు ఏడేళ్లకు 4.2 కోట్ల డాలర్ల ఒప్పందం రాసి, మూడేళ్లకే అతన్ని కాల్గరీకి వదిలించుకున్నారు. 2015లో ఎంచుకున్న కానర్ మెక్‌డేవిడ్ వంటి ఆటగాడు తరానికి ఒక్కడు దొరుకుతాడు. అతని తొలి ఐదారేళ్లు ఇటువంటి నిర్ణయాల కింద నలిగిపోయాయి. 2024లో ఎడ్మంటన్ 0-3 నుంచి 3-3కు లేచి, ఏడవ మ్యాచ్‌లో 2-1తో ఓడినప్పుడు, ఓడిన జట్టులో ఉండి కూడా ప్లేఆఫ్స్ అత్యుత్తమ ఆటగాడి ట్రోఫీ అతనికే ఇచ్చారు. అది అందుకోవడానికి అతను డ్రెస్సింగ్ రూమ్ నుంచి మంచు మీదికి తిరిగి రాలేదు. నాకు అతని మీద గౌరవం పెరిగిన క్షణమది.

ఆ ఏడవ మ్యాచ్‌లో ఫ్లోరిడాకు గోల్స్ కొట్టింది ఎవరో చూడండి. ఒకరు కార్టర్ వెర్హేగీ, ఒంటారియో కుర్రవాడు. 2013 డ్రాఫ్ట్‌లో అతన్ని ఎంచుకున్నది టొరంటో, రెండేళ్లకే వదులుకున్నది కూడా టొరంటోయే. రెండవవారు సామ్ రైన్‌హార్ట్, వాంకూవర్ ప్రాంతంవాడు; 2025 ఫైనల్ చివరి మ్యాచ్‌లో ఎడ్మంటన్ మీద నాలుగు గోల్స్ కొట్టింది ఇతడే. ఆ 2025 ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన సామ్ బెనెట్‌ను కాల్గరీ 2021లో ఫ్లోరిడాకు ఇచ్చింది. మాథ్యూ కచుక్ 2022లో తాను కాల్గరీలో దీర్ఘకాలం ఉండబోనని చెప్పి అదే జట్టుకు చేరాడు. లీగ్ ఆటగాళ్లలో కెనడియన్లు ఇప్పటికీ నలభై శాతం ప్రాంతంలో ఉన్నారు. ప్రతి వేసవిలో కప్ కెనడా పల్లెలకు వస్తూనే ఉంది, ఎందుకంటే గెలిచిన ప్రతి ఆటగాడికీ దాన్ని ఒకరోజు సొంత ఊరికి తీసుకుపోయే సంప్రదాయం ఉంది. ఆటగాళ్లను తయారుచేయడంలో లోటు లేదు. వారిని నిలబెట్టుకోవడంలోనే ఉంది.

నిలబెట్టుకోలేకపోవడానికి యాజమాన్యం ఒక్కటే కారణం కాదని కూడా ఒప్పుకోవాలి. చాలామంది సీనియర్ ఆటగాళ్ల ఒప్పందాల్లో, తమను ఏయే జట్లకు పంపకూడదో చెప్పే హక్కు ఉంటుంది. ఆ జాబితాల్లో తరచు కనిపించేవి విన్నిపెగ్, ఎడ్మంటన్ వంటి ఊళ్లే. జనవరిలో మైనస్ ముప్పై చలి ఒక కారణం. టొరంటో, మాంట్రియల్‌లలో కిరాణా కొట్టుకు వెళ్లినా గుర్తుపట్టి నిన్నటి పెనాల్టీ గురించి అడిగే జనం మరో కారణం. ఫ్లోరిడాలో ఆటగాడు చెప్పులేసుకుని సముద్రపు ఒడ్డున తిరిగినా పట్టించుకునేవారుండరు. మిచ్ మార్నర్ టొరంటో ప్రాంతంలోనే పుట్టి పెరిగి, తొమ్మిది సీజన్లు సొంత ఊరి జట్టుకు ఆడి, ప్రతి వసంతంలో తిట్లు తిని 2025 వేసవిలో వేగస్‌కు వెళ్లిపోయాడు. అతను ప్లేఆఫ్స్‌లో ఆశించినంత ఆడలేదన్నది నిజమే, అయినా ఆ తిట్లలో సగానికి అతను అర్హుడు కాడు. ఆ ఒత్తిడి జనరల్ మేనేజర్లనూ వదలదు; రెండేళ్లు ఓపిక పడితే ఫలించే పనిని పత్రికల భయంతో మధ్యలోనే చెడగొట్టిన సందర్భాలు ఏడు ఊళ్లలోనూ ఉన్నాయి.

లీగ్ పక్షపాతం గురించి రెండు మాటలు చాలు. కమిషనర్ గ్యారీ బెట్‌మన్ 1993 ఫిబ్రవరిలో పదవిలోకి వచ్చాడు, ఆ జూన్ తర్వాత కెనడా గెలవలేదు, కాబట్టి ఇది అతని పనేనన్నది ఇక్కడి పాత హాస్యం. కప్ ఇవ్వడానికి అతను మైదానంలోకి వచ్చినప్పుడల్లా ఏ ఊళ్లోనైనా అరిచి గోల చేస్తారు. కాని వ్యాపారం చూస్తే వాదన నిలవదు. కెనడా ప్రసార హక్కులకు రాజర్స్ సంస్థ 2013లో 12 ఏళ్లకు 520 కోట్ల కెనడియన్ డాలర్లు, 2025లో మరో 12 ఏళ్లకు 1,100 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకున్నది. ఇంత చెల్లించే చోట జట్లు ఓడిపోవాలని లీగ్ కోరుకుంటుందా? నిబంధనల్లో లొసుగులున్న మాట వాస్తవం. 2021లో టాంపా బే తన గాయపడ్డ స్టార్ నికితా కుచెరోవ్‌ను సీజన్ అంతా పక్కనపెట్టి, సరిగ్గా ప్లేఆఫ్స్‌కు దించింది. ప్లేఆఫ్స్‌లో క్యాప్ వర్తించదు కాబట్టి పరిమితికి 1.8 కోట్ల డాలర్లు మించిన జట్టుతో ఆడి, ఫైనల్లో మాంట్రియల్‌ను ఓడించింది. చట్టబద్ధమే, కాని చూడటానికి బాగులేదు. ఆ లొసుగును 2025-26 నుంచి మూసివేశారు. ఆ దారి మాంట్రియల్‌కు కూడా తెరిచే ఉండేదన్నది గుర్తుంచుకోవాలి.

మీ సహోద్యోగుల మాటల్లో మీరు గమనించాల్సిన ఇంకో విషయం ఉంది. ఫైనల్‌కు ఒక కెనడా జట్టు వెళ్లగానే టీవీవాళ్లు దాన్ని దేశం జట్టని పిలుస్తారు. అది చాలామటుకు స్టూడియోలో పుట్టిన భావన. కాల్గరీ మనిషి ఎడ్మంటన్ గెలవాలని కోరుకోడు, టొరంటో మనిషి మాంట్రియల్ గెలిస్తే నిద్రపోడు. 2024 జూన్‌లో మా ఊరు ఊరంతా నారింజ, నీలం రంగుల్లో మునిగినప్పుడు, కాల్గరీలోని నా మిత్రుడొకరు ఫ్లోరిడా జెర్సీ వేసుకున్న ఫొటో పంపారు. దేశమంతా ఒక్కటయ్యే హాకీ వేరే ఉంది: 2010 వాంకూవర్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా మీద సిడ్నీ క్రాస్బీ కొట్టిన గోల్, 2025 ఫిబ్రవరిలో నాలుగు దేశాల పోటీలో ఓవర్‌టైమ్‌లో మెక్‌డేవిడ్ కొట్టిన గోల్. వాటిని చూసి స్టాన్లీ కప్ కూడా అటువంటిదేనని అనుకోవద్దు.

మీ రెండవ ప్రశ్నకు వస్తాను. బ్రాంప్టన్‌లో ఉన్నారు కాబట్టి మీ చుట్టూ టొరంటో జట్టు మేపుల్ లీఫ్స్ అభిమానులే ఉంటారు. ఆ జట్టు చివరిసారి గెలిచింది 1967లో. 2013లో బోస్టన్ మీద ఏడవ మ్యాచ్ మూడవ పీరియడ్‌లో 4-1 ఆధిక్యం నుంచి ఓడిపోయింది; 2025లో ఫ్లోరిడా చేతిలో సొంతగడ్డ మీద ఏడవ మ్యాచ్ 6-1తో ఓడింది. నేనైతే ఆ జట్టును ఎవరికీ సిఫారసు చేయను, కాని మీరు ఆఫీసులో నలుగురితో కలిసి బాధపడాలనుకుంటే అంతకు మించిన జట్టు లేదు. టీవీలో చూసేటప్పుడు ఇంగ్లీషు వ్యాఖ్యానం వేగం అందుకోలేకపోతే, మీకు హిందీ వచ్చు కాబట్టి పంజాబీ వ్యాఖ్యానం ప్రయత్నించండి. అది 2008 నుంచి వస్తోంది. 2016 ఫైనల్లో నిక్ బొనీనో గోల్ కొట్టినప్పుడు పంజాబీ వ్యాఖ్యాత హర్నారాయణ్ సింగ్ అతని పేరును ఊపిరి తిప్పుకోకుండా జపించిన తీరు అమెరికాలో కూడా మారుమోగింది.

ఒక జట్టును ఎంచుకునే ముందు ఒక మ్యాచ్ దగ్గరుండి చూడమని మాత్రం గట్టిగా చెబుతాను. టీవీలో పక్ కనిపించదని కొత్తవారు చేసే ఫిర్యాదు మైదానంలో రెండు పీరియడ్లలో తీరిపోతుంది. లీఫ్స్ టికెట్ ధర చూసి బెదిరిపోవద్దు. మీ ఊళ్లోనే సీఏఏ సెంటర్‌లో బ్రాంప్టన్ స్టీల్‌హెడ్స్ అనే జూనియర్ జట్టు ఆడుతుంది. 16 నుంచి 20 ఏళ్ల కుర్రవాళ్లు, వారిలో కొందరు రేపు పెద్ద లీగ్‌కు వెళ్లేవారే, టికెట్ ధర మధ్యతరగతికి అందుబాటులో ఉంటుంది. గోల్ వెనుక అద్దాల పక్కన కాకుండా, మధ్య గీతకు ఎదురుగా కాస్త పైవరుసలో కూర్చోండి. మొదటి పీరియడ్ అంతా పక్‌ను చూడకుండా, పక్ లేని నలుగురు ఏం చేస్తున్నారో చూడండి. సీజన్ సెప్టెంబర్ చివర్లో మొదలవుతుంది. లోపల చలిగా ఉంటుంది కాబట్టి పిల్లలకు జాకెట్లు తప్పనిసరి.